హా లోయలో కొబ్బరినూనె సీసా



కొబ్బరినూనె గడ్డకడుతుందంటే మన కోనసీమలో ఎవరూ ఆశ్చర్యపోరు. ధనుర్మాసం తెల్లవారుజామున కాస్త పేరుకుంటుంది, ఎండ తగలగానే కరిగిపోతుంది. 24 డిగ్రీల కిందికి వెళ్తే చాలు, అది పేరుకోవడం మొదలుపెడుతుంది. నేను చెప్పబోయే నూనె అలాంటిది కాదు. గరిటె కాడతో గుచ్చినా దిగనంత గట్టిగా, నెలల తరబడి సీసాలో తెల్లగా నిలబడి ఉండే నూనె. నా చిన్నతనంలో మూడేళ్ళపాటు మా అమ్మ ఆ నూనెతోనే నాకు జడలు వేసింది.

పొద్దున్నే సీసా తీసుకొచ్చి బుఖారీ పక్కన పెట్టేది. బుఖారీ అంటే రేకు పొయ్యి. లోపల కట్టెలు వేసి మూత పెడితే పొగంతా గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది, గది వెచ్చబడుతుంది. సీసాలో పొయ్యి వైపున్న నూనె ముందు కరిగేది. అవతలి వైపు అలాగే తెల్లగా ఉండేది. కరిగినంత మేర అరచేతిలోకి వంపుకుని అమ్మ గబగబా నా తలకి పట్టించేది. ఆలస్యం చేస్తే వెంట్రుకల చివర్లలో పూసలు కట్టేది.

ఆ సీసా వచ్చింది ముమ్మిడివరం దగ్గర మా ఊరి నుంచి. మేమున్నది భూటాన్‌లో, హా అనే లోయలో.

మా నాన్నగారు మిలట్రీలో, సిగ్నల్స్‌లో హవల్దారు. గోదావరి జిల్లాలవాళ్ళు పటాలంలో చేరి పరాయి దేశాలు పట్టిపోవడం కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఇప్పటికీ మిలట్రీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊరివాళ్ళు సైన్యంలో ఉన్నారు. అయితే అప్పట్లో మగవాళ్ళు వెళ్ళేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ ఊళ్ళోనే ఉండి ఉత్తరం కోసం చూసేవారు. మా ఇంట్లోనూ మొదట అదే జరిగింది. 1987లో భారత శాంతి పరిరక్షక దళం శ్రీలంక వెళ్ళినప్పుడు నేను ఏడాది పిల్లను. నాన్నగారు అందులో ఉన్నారు. 1990 మార్చిలో ఆ దళం పూర్తిగా వెనక్కి వచ్చేసరికి మనవాళ్ళు వెయ్యిమందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు. నాన్నగారు క్షేమంగా వచ్చారు. ఆ రోజుల గురించి ఆయన మాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అందుకే 1995లో నాన్నగారిని భూటాన్‌కి వేశారనీ, కుటుంబాన్ని తీసుకెళ్ళవచ్చనీ తెలిసినప్పుడు, ఎక్కడికి, ఎంత దూరం అని కూడా అమ్మ అడగలేదు. ట్రంకు పెట్టె సర్దేసింది.

భూటాన్ సైన్యానికి శిక్షణ ఇవ్వడానికి 1962 నుంచి మన సైనిక దళం ఒకటి ఆ దేశంలో ఉంది. ఇమ్‌ట్రాట్ అంటారు. దాని కేంద్రం హా లోయలోనే. పడమటి కొండ దాటితే టిబెట్. ఆ రోజుల్లో విదేశీ పర్యాటకులను అటు రానిచ్చేవారు కాదు. సముద్రమట్టానికి దాదాపు 2,700 మీటర్ల ఎత్తు. మా ఊరి ఎత్తు ఎంతో నాకు తెలియదు గానీ, పెద్ద వానొస్తే నీళ్ళు ఎటు పోవాలో తెలియక నిలబడిపోయే నేల మాది.

వెళ్ళడమే ఒక యజ్ఞం. ముమ్మిడివరంలో బస్సెక్కి అమలాపురం, రావులపాలెం, గౌతమి మీద జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి. అక్కడ కోరమాండల్ ఎక్కితే హౌరా. హౌరా నుంచి సామాన్లతో సియాల్దా స్టేషన్‌కి, అక్కడినుంచి రాత్రంతా ఉత్తర బెంగాల్ రైలు. హాసీమారా చేరితే మిలట్రీ ట్రక్కు వచ్చేది. సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్. అక్కడినుంచి కొండదారి. 1958లో నెహ్రూగారు భూటాన్ వెళ్ళినప్పుడు మోటారు రోడ్డే లేదు, కొండబాటల్లో గుర్రాల మీద వెళ్ళారట. 1961 నుంచి మన సరిహద్దు రోడ్ల సంస్థవాళ్ళు దంతక్ అనే పేరుతో కొండలు తొలిచి రోడ్లు వేశారు. మలుపుల దగ్గర ఆ పనిలో పోయినవాళ్ళ స్మారకాలు కనిపించేవి. ప్రతి మలుపులోనూ నాకు కడుపులో తిప్పేది. అమ్మ నిమ్మకాయ వాసన చూపించేది. నాన్నగారు మాత్రం స్మారకం దగ్గరికి రాగానే మాట్లాడటం ఆపేవారు.

చుజోం అనేచోట రెండు నదులు కలుస్తాయి. పారో నది ఒకవైపు నుంచి, థింపూ నది మరోవైపు నుంచి వస్తాయి. అక్కడ ట్రక్కు ఆపితే చూసి నేను అడిగానట, ఇవి విడిపోతున్నాయా, కలుస్తున్నాయా అని. కోనసీమ పిల్లను కదండీ. నాకు తెలిసిన నది చీలి పాయలయ్యేదే. గౌతమి, వశిష్ట, వైనతేయ. ఇంకొకటి కూడా నాకు కొత్తే. మన గోదావరి మన దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చెయ్యదు. ఆ నదులు రాళ్ళమీద పడుతూ రాత్రింబవళ్ళు హోరుమనేవి. మొదటి వారం రోజులూ వాన పడుతోందనుకుని నిద్రలో లేచేదాన్ని.

అక్కడ నేర్చుకున్న మొదటి మాట ‘కుజుజాంగ్‌పో లా’. నమస్కారం అన్నమాట. చివరనున్న ‘లా’ మర్యాదకి. పెద్దవాళ్ళతో ఏం మాట్లాడినా చివర ‘లా’ పెడతారు. జొంఖా మాటకే కాదు, హిందీ మాటకీ, ఇంగ్లీషు మాటకీ కూడా తగిలిస్తారు. విన్న మర్నాడే అమ్మకి అర్థమైపోయింది. “మన అండీనే కదే!” అంది. అవును, అచ్చంగా అదే. మనం బస్సు కండక్టరునీ, కూరలమ్మే ఆవిడనీ, పక్కింటివాళ్ళ చంటిపిల్లాణ్ణీ కూడా అండీ అంటాం. నవ్వుతారు బయటివాళ్ళు. హిమాలయాల్లో మాకు దొరికిన మొదటి చుట్టరికం ఆ ‘లా’.

రెండోది మిరపకాయ. అక్టోబరు వచ్చిందంటే ఆ లోయలో ఇళ్ళ కప్పులన్నీ ఎర్రబడతాయి. చెక్క కప్పుల మీద మిరపపళ్ళు ఆరబోస్తారు. మనం కారంలోకి వేసే సరుకును వాళ్ళు కూరగాయలాగా ముక్కలు కోసి, జున్నులాంటి పదార్థంతో కలిపి ఉడికించి, ఎర్రబియ్యం అన్నంలో తింటారు. ఎమాదాత్సీ అంటారు. ఆ మొదటి ఏడు అమ్మ ఆ కప్పుల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మాధాకబళం అడిగినంత మొహమాటంగా పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి, నాలుగు మిరపకాయలు ఇవ్వమని సైగచేసింది. ఆవిడ చేటెడు పోసింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎండుమిరపకాయల పచ్చడి. ఆవిడకీ గిన్నెలో పెట్టి పంపితే, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తిని, మర్నాడు ఖాళీ గిన్నెలో ఆపిల్ పళ్ళు పెట్టి పంపింది. ఆవిడ మనవరాలే నా నేస్తం. మేమిద్దరం సగం హిందీ, సగం జొంఖా, మధ్యలో ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

మిలట్రీ పిల్లలకి చిరునామాలో ఊరి పేరు ఉండదు. నాన్నగారి నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 99 ఏపీవో. అంతే. మా మామ్మకి అది బొత్తిగా నచ్చేది కాదు. ఊరు లేకుండా ఉత్తరం ఎలా చేరుతుందిరా అని నాన్నగారిని ఎన్నిసార్లు అడిగిందో. చేరేది. నీలం ఇన్లాండ్ కవరు, అంచులదాకా పెన్సిలు రాత. చిరంజీవులను దీవించి వ్రాయునది అని మొదలయ్యేది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమములు తెలియజేయగలరు. ఆ తర్వాత అసలు విషయాలు. దొడ్లో పనస ఎన్ని కాయలు కాసింది, ఆవు ఈనిందా లేదా, కొబ్బరి దింపు ఎప్పుడు తీయించారు, అంబాజీపేటలో కాయ ధర ఎంత పలికింది, పనసాకులు కుట్టి పొట్టిక్కలు వేస్తే నేను గుర్తొచ్చానని. అమ్మ పైకి చదివేది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఆ పెన్సిలు రాతలో. ‘ళ’ ఎలా రాస్తారో మామ్మ చేతిరాతలో చూసి దిద్దుకున్నాను. ఇప్పటికీ నా ‘ళ’ తోక మామ్మ తోకే.

ఏడాదికి ఒకటో రెండో నూనె సీసాలు వచ్చేవి. గానుగాడించిన నూనె గాజు సీసాలో పోసి, బిరడా చుట్టూ గుడ్డ చుట్టి, తాటినారతో కట్టి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళే తెలుగు జవాను ఎవరైనా దొరికితే అతని చేతికిచ్చేది మామ్మ. అతను నాలుగు రోజులు బస్సుల్లో, రైళ్ళలో పట్టుకుని తెచ్చేవాడు. పాపం, ఒక్క సీసా కూడా పగలలేదు.

ఇక రేడియో. ఇది చెప్పడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను నేను.

అప్పటికి భూటాన్‌లో టీవీ లేదు. ఆ దేశంలో టీవీ వచ్చింది 1999 జూన్‌లో. మాకున్నదల్లా రేడియో. నాన్నగారు సిగ్నల్స్ మనిషి కదా, కిటికీలోంచి రాగితీగ లాగి బయట ఆపిల్ చెట్టుకి కట్టారు. షార్ట్ వేవ్ మీద ఢిల్లీ తెలుగు వార్తలు అందేవి. భూటాన్ గడియారం మనకంటే అరగంట ముందుంటుంది. ఢిల్లీలో ఏడింటి వార్తలంటే మాకు ఏడున్నర. సరిగ్గా నాకు జడలు వేసే వేళ. మాటలు అలలు అలలుగా వచ్చేవి. దగ్గరికొచ్చేవి, దూరమయ్యేవి, మధ్యలో ఏదో చైనా పాట దూరేది. నాన్నగారు వేళ్ళతో ముల్లుని వెంట్రుకవాసి కదిపేవారు. అంత దూరంలో మన భాష అలా గాలిలోంచి దిగివచ్చి గదిలో నిలబడటం ఎంతటి ధైర్యమో, ఇక్కడే ఉండి రేడియో వినేవాళ్ళకి నేను చెప్పలేను.

1996 నవంబరు 7, గురువారం. ఇంకో మూడు రోజుల్లో దీపావళి. అమ్మ ఒక జడ వేసింది. రెండోవైపు పాపిడి తీసి నూనె రాస్తోంది. వార్తల్లో తుపాను అన్నారు. తూర్పు గోదావరి జిల్లా అన్నారు. కాకినాడకి దిగువన తీరం దాటిందన్నారు. గొంతు దూరమైపోయింది. నాన్నగారు ముల్లు కదిపారు. మళ్ళీ వచ్చేసరికి వేరే వార్త.

కాకినాడకి దిగువన ఏముందండీ? యానాం, గౌతమి, ఆ ఇవతల మా ఊరు.

అమ్మ చెయ్యి నా తల మీద అలాగే ఉండిపోయింది. ఎంతసేపో తెలియదు. బుఖారీలో కట్టె అయిపోయింది, ఎవరూ వెయ్యలేదు. దువ్వెన పళ్ళ మధ్య నూనె తెల్లగా పేరుకుపోవడం నేను చూస్తూ ఉన్నాను. ఆ రోజు ఒంటిజడతోనే బడికి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాతి రోజుల్లో ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వినపడ్డాయి. భైరవపాలెం. బలుసుతిప్ప. వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదన్నారు. మొత్తం వెయ్యిమందికి పైగా పోయారని తర్వాత తేలింది. నాన్నగారు టెలిగ్రాం ఇచ్చారు. జవాబు లేదు. కరెంటు స్తంభాలు, టెలిఫోన్ తీగలు నేల మీద ఉన్న చోటికి టెలిగ్రాం ఎలా వెళ్తుంది? రోజంతా ఎవరెవరి సందేశాలో అందుకుని, రాసుకుని, అందించే ఉద్యోగం ఆయనది. ఆఫీసు లైను మీద సొంత ఇంటి సంగతి అడగకూడదు. ఆయన అడగలేదు. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే రేడియో ముందు కూర్చునేవారు.

నా నేస్తం అడిగింది, తుపాను అంటే ఏమిటని. చెప్పాను. సముద్రం లేచి ఇళ్ళ మీదికి వస్తుందని చెప్పాను. అది నమ్మలేదు. సముద్రం లేని దేశం వాళ్ళది. వాళ్ళ ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. సాయంత్రం వాళ్ళ నానమ్మ నన్ను పిలిచి, వాళ్ళ దేవుడి గదిలోకి తీసుకెళ్ళింది. వెన్నదీపం వెలిగించి, మా మామ్మ పేరేమిటని అడిగింది. చెప్పాను. రెండుసార్లు తప్పుగా పలికి, మూడోసారి సరిగ్గా పలికి, చివర ‘లా’ పెట్టింది.

దీపావళికి మేం టపాకాయలు కాల్చలేదు. మాతోపాటు మరో రెండు తెలుగు కుటుంబాలు ఉండేవి. వాళ్ళూ కాల్చలేదు. వాళ్ళలో శ్రీకాకుళం పిన్నిగారు మా ఇంటికే వంట చేసుకుని వచ్చారు.

అప్పటిదాకా కోనసీమ నాకు సెలవులకి వెళ్ళే చోటు. మీదే ఊరంటే నాన్నగారి యూనిట్ పేరు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో నేను అట్లాస్‌లో ఆంధ్రప్రదేశ్ పేజీ తీసి, గోదావరి సముద్రంలో కలిసేచోట వేలు పెట్టి కూర్చునేదాన్ని. నా వేలి కొన కింద మా ఊరు, పక్క ఊరు, అమలాపురం, అన్నీ దాగిపోయేవి. వేలు తీయాలంటే భయం వేసేది.

ఉత్తరం నవంబరు 23న వచ్చింది. నీలం ఇన్లాండ్, తడిసి ఆరిన మరకలు. చిరంజీవులను దీవించి వ్రాయునది. అమ్మ అక్కడే ఆగి ఏడ్చింది. మామ్మ రాసిందన్న సంగతి చాలు. మిగతాది నాన్నగారు చదివారు. పెంకులు లేచిపోయాయి, గోడలు ఉన్నాయి. ఆవు ఉంది, దూడ లేదు. ఏటిగట్టు వైపు వాళ్ళకి మనుషులే పోయారు, మనకేం కాలేదు, మన సంగతి చెప్పుకోకూడదు. చెట్ల సంగతి మీరు వచ్చాక చూద్దురుగాని. ఈ ఏడు నూనె పంపలేను, ఉన్నది చూసి వాడుకోండి. పిల్లకి తలంటడం మాత్రం మానకు.

ఆ రోజునుంచి అమ్మ నా తలకి కాంటీన్లో దొరికే ఆవనూనె రాయడం మొదలుపెట్టింది. ఆ ఘాటు నాకు గిట్టేది కాదు. సీసాలో సగానికి పైగా కొబ్బరినూనె ఉంది కదా, అది రాయమని పేచీ పెట్టేదాన్ని. అమ్మ వినలేదు. సీసా తీసుకెళ్ళి బుఖారీకి దూరంగా, చల్లటి గదిలో అటక మీద పెట్టేసింది.

జనవరిలో చలికాలం సెలవులకి ఊరొచ్చాం. కొండలన్నీ మంచుతో ఉన్నాయి. హాసీమారా, సియాల్దా, హౌరా, కోరమాండల్. రావులపాలెం దాటాక కొంతమేర అంతా మామూలుగానే కనిపించింది. అమలాపురం దాటి ముమ్మిడివరం దారిలో పడ్డాక, బస్సులో మాటలు ఆగిపోయాయి. తలలు లేని చెట్లు. వరసలకి వరసలు, మొవ్వు విరిగి, మోడులై నిలబడ్డ కొబ్బరిచెట్లు. వేళ్ళతో సహా పడిపోయినవి వేరే. కొబ్బరిచెట్టుకి ప్రాణమంతా మొవ్వులోనే. మామిడిలాగా పక్కనుంచి చిగురు వెయ్యదు. మొవ్వు పోతే ఆ చెట్టు పోయినట్టే. కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఎకరం, రెండెకరాల తోట మీద బతికే ఇంటికి ఆరేడేళ్ళంటే ఒక పిల్ల పెళ్ళి, ఒక పిల్లాడి చదువు.

మామ్మ వీధిలోకి ఎదురొచ్చింది. చెయ్యి నుదుటి మీద అడ్డం పెట్టుకుని వచ్చింది. మమ్మల్ని చూశాక కూడా చెయ్యి తీయలేదు. కాసేపటికి అర్థమైంది నాకు. ఆ వాకిట్లో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పడేది కాదు. నీడలోనే పుట్టి పెరిగినట్టు బతికిన మనిషి. ఇప్పుడు ఇంటి చుట్టూ ఎటు చూసినా ఆకాశం. హా లోయలో రెండు కొండల మధ్య గుడ్డపేలికంత ఆకాశం చూసి వచ్చిన నాకు కూడా కళ్ళు చెదిరాయి. రెండు నెలలైనా మామ్మ చెయ్యి ఇంకా ఆ వెలుతురుకి అలవాటుపడలేదు.

అమ్మ ట్రంకు పెట్టె తెరిచి, చీరల మధ్యలోంచి సీసా తీసింది. అదే సీసా, అదే తాటినార. లోపల నూనె ఇంకా రాయిలాగే ఉంది. రెండు నెలలపాటు పొదుపు చేసింది ఇందుకన్నమాట. మామ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తను పోసిన నూనెని తను ఎప్పుడూ అలా చూడలేదు. ఇలా అయిపోతుందా అక్కడ, అంది. పొయ్యి అంటించి వెచ్చబెడతానని అమ్మ లేచింది. అక్కర్లేదులే అని మామ్మ సీసా తీసుకెళ్ళి అరుగు మీద పెట్టింది.

నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టి, జడలు విప్పి, చిక్కు తీస్తూ కూర్చుంది. తీయడం పూర్తయ్యేసరికి, అరుగు మీద పడుతున్న ఎండకి నూనె దానంతటదే కరిగిపోయింది.